ప్రజాసేవా సిబ్బంది శిక్షణలో కృషికి గుర్తింపు: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల అనుభవాలు – పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రభుత్వ సేవలను ప్రజల ముంగిటికి చేర్చే క్షేత్రస్థాయి సిబ్బందికి శిక్షణ ఇవ్వడం ఎంత అవసరమో, ఆ శిక్షణతో వారు సాధించిన నైపుణ్యాన్ని గుర్తించడం అంతే అవసరం. మన పరిపాలనలో శిక్షణకు ఒక విధానం, పురస్కారాలకు మరొక విధానం, పదోన్నతికి వేరొక విధానం ఉన్నాయి. ఈ మూడింటినీ కలిపే వంతెన బలహీనంగా ఉంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాలైన మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఉపాధ్యాయులు, పశువైద్య కార్యకర్తలు, సచివాలయ ఉద్యోగులు, మావటీలు, అంగన్వాడీ కార్యకర్తలకు సంబంధించిన అనుభవాల ఆధారంగా ఈ సమస్యను వివరించడం, గుర్తింపు ఏ రూపంలో ఉంటే సేవ మెరుగుపడుతుందో సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ప్రజాసేవ, శిక్షణ, గుర్తింపు, ప్రశంసాపత్రం, గ్రామ సచివాలయం, రిషివ్యాలీ, గోపాలమిత్ర, మావటి, గౌరవవేతనం.

1. ఉపోద్ఘాతం:

ప్రతి యేటా జనవరి 26న, ఆగస్టు 15న జిల్లా కేంద్రాల్లోని పెరేడ్ మైదానాల్లో ఒక దృశ్యం కనిపిస్తుంది. జెండావందనం, శకటాల ప్రదర్శన ముగిశాక వివిధ శాఖల ఉద్యోగులు వరుసగా వేదిక ఎక్కి ప్రశంసాపత్రాలు అందుకుంటారు. ఒక్కొక్కరికి కొన్ని క్షణాలు, ఒక కరచాలనం, ఒక ఛాయాచిత్రం. ఆ పత్రం ఇంటి గోడకు చేరుతుంది. ఆ ఉద్యోగి ఏ పని చేసినందుకు ఆ గౌరవం దక్కిందో, ఆ పని చేయగల నైపుణ్యం ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో, అది ఇతరులకు ఎలా అందాలో చెప్పే ఏర్పాటు మాత్రం సాధారణంగా ఉండదు.

శిక్షణ తరగతుల ముగింపులోనూ ఇదే పరిస్థితి. హాజరైన అందరికీ ధ్రువపత్రం ఇస్తారు. శ్రద్ధగా నేర్చుకున్నవారికీ, సంతకం చేసి వెళ్ళినవారికీ దక్కేది అదే పత్రం. గుర్తింపు అందరికీ ఒకే విధంగా దక్కినచోట నేర్చుకోవాలన్న ఆసక్తి సన్నగిల్లుతుంది. పరిచయాల మీద ఆధారపడి దక్కినచోట అసంతృప్తి పెరుగుతుంది. ఈ రెండు ప్రమాదాలనూ తప్పించుకొనే మార్గం ఏమిటన్నది ప్రజాపాలన అధ్యయనంలో ముఖ్యమైన ప్రశ్న.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి మదనపల్లె, పుంగనూరు, కుప్పం అనువైన ప్రాంతాలు. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ వరకు ఇవి మూడూ చిత్తూరు జిల్లాలో భాగాలు. కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్నవి; కుప్పం తమిళనాడుకు కూడా ఆనుకొని ఉంది. వర్షాధార సేద్యం, పాడి, పట్టుపురుగుల పెంపకం, టమాటా సాగు మీద ఆధారపడ్డ ఈ మెట్ట ప్రాంతంలో ప్రభుత్వ సేవ నాణ్యత గ్రామంలో పనిచేసే చిన్న ఉద్యోగి నైపుణ్యం మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

2. శిక్షణ – గుర్తింపు: భావనల వివరణ:

2.1 గుర్తింపు అంటే:
ఉద్యోగుల ప్రేరణ మీద ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్, ఆయన సహచరులు పిట్స్‌బర్గ్ పరిసరాల్లోని 203 మంది ఇంజనీర్లు, గణకులతో మాట్లాడి 1959లో తమ అధ్యయనాన్ని ప్రచురించారు. వారి నిర్ధారణ ప్రకారం పనిలో సంతృప్తిని కలిగించే అంశాలు వేరు, అసంతృప్తిని తొలగించే అంశాలు వేరు. సాధన, గుర్తింపు, బాధ్యత, ఎదుగుదల మొదటి తరగతివి. జీతం, పని పరిస్థితులు, పర్యవేక్షణ రెండో తరగతివి. దీని నుంచి రెండు విషయాలు తేలుతాయి. జీతం బాగున్నంత మాత్రాన ఉద్యోగికి పనిమీద మమకారం కలగదు. అలాగే జీతం విషయంలో అన్యాయం జరిగినచోట శాలువా కప్పినంత మాత్రాన ఆ బాధ తీరదు. ఈ రెండో విషయాన్ని పాలకులు తరచుగా మరచిపోతారు.

2.2 శిక్షణ ఫలితం అంటే:
డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో ప్రారంభించిన వ్యాసపరంపరలో శిక్షణను నాలుగు మెట్లలో అంచనా వేయాలని ప్రతిపాదించారు. శిక్షణ పొందినవారి స్పందన మొదటిది. వారు నేర్చుకున్న విషయం రెండోది. పనిలోకి తిరిగి వెళ్ళాక వారి ప్రవర్తనలో వచ్చిన మార్పు మూడోది. ఆ మార్పు వల్ల సంస్థకు కలిగిన ఫలితం నాలుగోది. మన శిక్షణ సంస్థల్లో అభిప్రాయ పత్రం నింపించడంతో మొదటి మెట్టు, చివరిరోజు పరీక్షతో రెండో మెట్టు పూర్తవుతాయి. మూడు, నాలుగు మెట్లు శిక్షణ కేంద్రం గోడల బయట, పల్లెలో, బడిలో, ఆసుపత్రిలో ఉంటాయి. గుర్తింపు నిజంగా దక్కవలసింది అక్కడే. అక్కడికి వెళ్ళి చూసే యంత్రాంగం లేకపోవడమే అసలు లోపం.

3. జాతీయస్థాయి ఏర్పాట్లు:

1996లో మొదటి జాతీయ శిక్షణ విధానం వచ్చింది. 2012లో దానిని సవరించి, ప్రతి మంత్రిత్వశాఖ జీతాల బడ్జెట్లో కనీసం 2.5 శాతాన్ని శిక్షణకు కేటాయించాలని సూచించారు. 2020 సెప్టెంబరు 2న కేంద్ర మంత్రివర్గం 'మిషన్ కర్మయోగి'ని ఆమోదించింది. 2021 ఏప్రిల్‌లో కెపాసిటీ బిల్డింగ్ కమిషన్ ఏర్పడింది. 'ఐగాట్ కర్మయోగి' అనే అంతర్జాల వేదిక ద్వారా ఉద్యోగి తనకు కావలసిన పాఠాలను చదివి ధ్రువపత్రం పొందవచ్చు. హోదా, నియమాల ఆధారంగా కాక, పాత్ర, సామర్థ్యం ఆధారంగా ఉద్యోగిని చూడాలన్నది ఈ కార్యక్రమ మూలసూత్రం.

ఇది మంచి సూత్రమే. అయితే అంతర్జాల పాఠానికి గుర్తింపు ఇచ్చేటప్పుడు లెక్కకు సులభంగా దొరికేది పూర్తిచేసిన పాఠాల సంఖ్య, గడిపిన గంటలు. లెక్కకు దొరికేదానినే లక్ష్యంగా చేసుకొంటే, సామర్థ్యం ఉండవలసిన చోట సంఖ్య వచ్చి కూర్చుంటుంది.

పురస్కారాల విషయానికి వస్తే, 1947 ఏప్రిల్ 21న ఢిల్లీలోని మెట్కాఫ్ హౌస్‌లో సర్దార్ పటేల్ తొలితరం ఐ.ఏ.ఎస్. శిక్షణార్థులనుద్దేశించి చేసిన ప్రసంగానికి గుర్తుగా ఏప్రిల్ 21ని సివిల్ సర్వీసుల దినోత్సవంగా జరుపుతున్నారు. ప్రజాపాలనలో ప్రతిభకు ఇచ్చే ప్రధానమంత్రి పురస్కారాలను ఆ రోజున ప్రదానం చేస్తారు. వీటి దృష్టి ప్రధానంగా జిల్లాల మీద, కార్యక్రమాల మీద, వాటిని నడిపిన అధికారుల మీద ఉంటుంది. ఆ కార్యక్రమాన్ని గుమ్మం దాకా తీసుకువెళ్ళిన సిబ్బంది పేరు అక్కడికి చేరడం అరుదు.

గుర్తింపులో మరొక కోణం వార్షిక పనితీరు నివేదిక. 2008లో దేవ్‌దత్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో ముఖ్యమైనది. ఆ ఉద్యోగికి నివేదికలో 'బాగుంది' అని రాశారు. పదోన్నతికి కావలసింది 'చాలా బాగుంది'. పైకి మెచ్చుకోలుగా కనిపించే ఆ మాటే ఆయన పదోన్నతికి అడ్డుపడింది. ఆ సంగతి ఆయనకు తెలియజేయలేదు. నివేదికలోని ప్రతి నమోదునూ, అది మంచిదైనా చెడ్డదైనా, ఉద్యోగికి తెలియజేయాలని న్యాయస్థానం స్పష్టం చేసింది. పనిచేసే వ్యక్తికి తెలియని అంచనా గుర్తింపు కాబోదన్నది ఈ తీర్పులోని సారం.

4. మదనపల్లె: నేర్చుకున్నవారే నేర్పించేవారు కావడం:

4.1 రిషివ్యాలీ అనుభవం:
జిడ్డు కృష్ణమూర్తి జన్మస్థలం మదనపల్లె. ఆయన ఆశయాలతో 1926లో ఇక్కడ మొదలైన పాఠశాల, తరువాత సమీపంలోని లోయకు తరలి రిషివ్యాలీగా ప్రసిద్ధి పొందింది. ఆ సంస్థకు అనుబంధమైన గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులను నడిపింది. ఒకే ఉపాధ్యాయుడు, అనేక తరగతుల పిల్లలు అనే పరిస్థితికి తగినట్లు పాఠ్యాంశాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా అమర్చిన బోధన పద్ధతిని అక్కడ రూపొందించారు. పిల్లవాడు తన వేగంతో మెట్లు ఎక్కుతాడు. ఉపాధ్యాయుడు అవసరమైన చోట చేయి అందిస్తాడు.

ఈ పద్ధతి పొరుగు రాష్ట్రాలకు చేరిన తీరు శిక్షణ, గుర్తింపుల సంబంధాన్ని చక్కగా వివరిస్తుంది. 1995లో కర్ణాటకలోని హెగ్గడదేవన కోటె తాలూకాకు చెందిన ప్రభుత్వ ఉపాధ్యాయులు యూనిసెఫ్ సహకారంతో రిషివ్యాలీకి వచ్చి ఈ బడులను పరిశీలించారు. తిరిగి వెళ్ళి, తమ పిల్లలకు, తమ భాషకు తగినట్లు కన్నడంలో సొంత కార్డులు తయారుచేసుకున్నారు. అదే 'నలి కలి' ఉద్యమానికి నాంది. 2003లో చెన్నై కార్పొరేషన్ ఉపాధ్యాయులు ఇలాగే వచ్చి శిక్షణ పొందారు. అక్కడ రూపుదిద్దుకున్న కృత్యాధార బోధన కొన్నేళ్ళలో తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నింటికీ విస్తరించింది.

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉంది. ఆ ఉపాధ్యాయులకు దక్కిన అసలు గుర్తింపు ఒక పతకం కాదు. పాఠ్యసామగ్రిని రచించే అధికారం వారికి దక్కింది. పైనుంచి వచ్చిన పుస్తకాన్ని చెప్పేవారి స్థానం నుంచి, పుస్తకాన్ని తయారుచేసేవారి స్థానానికి వారు ఎదిగారు. వారిలో పలువురు తోటి ఉపాధ్యాయులకు శిక్షకులయ్యారు. హెర్జ్‌బర్గ్ చెప్పిన సాధన, గుర్తింపు, బాధ్యత, ఎదుగుదల నాలుగూ ఒకే ఏర్పాటులో కలిశాయి. కిర్క్‌పాట్రిక్ చెప్పిన మూడో మెట్టు, అంటే పనిలో మార్పు, వారి బడిలోనే కంటికి కనిపించింది.

దీనికి మరొక పార్శ్వమూ ఉంది. ఒక పద్ధతి కొద్దిమంది ఉత్సాహవంతుల చేతి నుంచి రాష్ట్రవ్యాప్త ఆదేశంగా మారినప్పుడు, దానిని ప్రేమతో తయారుచేసినవారి స్థానంలో ఆజ్ఞగా అందుకున్నవారు వస్తారు. కార్డులు అవే, నిచ్చెన అదే. రచనాధికారం మాత్రం ఉండదు. విస్తరణలో పద్ధతితోపాటు గుర్తింపును కూడా విస్తరింపజేయకపోతే శిక్షణ మళ్ళీ యాంత్రికమయ్యే ప్రమాదం ఉంది.

4.2 ఆరోగ్యవరం అనుభవం:
మదనపల్లె శివారులోని ఆరోగ్యవరంలో క్రైస్తవ సంఘాలు కలిసి స్థాపించిన క్షయ చికిత్సాలయం శతాబ్ది దాటిన సంస్థ. భారతదేశంలో బి.సి.జి. టీకా 1948లో మొదటగా ఇక్కడే ప్రయోగాత్మకంగా మొదలైంది. ఆ తరువాత పట్టణంలోనూ పరిసర గ్రామాల్లోనూ సాగిన దీర్ఘకాలిక క్షయ పరిశోధనకు అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. ఇంటింటికీ తిరిగి జనాభా వివరాలు రాయడం, చర్మపరీక్ష చేసి ఫలితం కొలవడం, కఫం నమూనాలు సేకరించడం, ఏళ్ళ తరబడి అవే కుటుంబాలను మళ్ళీ కలవడం వంటి పనులు లేకుండా ఇటువంటి పరిశోధన సాగదు. ఇవన్నీ శిక్షణ పొందిన క్షేత్ర సిబ్బంది చేయవలసిన పనులు. కొలతలో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా శాస్త్రీయ నిర్ధారణ తారుమారవుతుంది. పరిశోధన పత్రాల శీర్షికల కింద మాత్రం వైద్యులు, గణాంకవేత్తలు కొద్దిమంది పేర్లే నిలుస్తాయి. విజ్ఞానానికి పునాది వేసిన చేతులు చరిత్రలో పేరు లేకుండా మిగిలిపోవడం ప్రజారోగ్య రంగమంతటా కనిపించే విషయం.

2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశా కార్యకర్తలను సామూహికంగా గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారంతో గౌరవించింది. పేరులేని చేతులకు దక్కిన అరుదైన గౌరవం అది. అయితే సామూహిక గౌరవం వ్యక్తి నైపుణ్యాన్ని నమోదు చేయదు. ఆ రెండింటి అవసరమూ వేరువేరు.

5. పుంగనూరు: కొలమానం ఎంపికలోని చిక్కు:

5.1 గోపాలమిత్రలు:
పుంగనూరు పేరు వినగానే గుర్తుకు వచ్చేది పొట్టి ఆవు. మూడడుగులకు అటూఇటూగా ఉండే ఈ జాతి కరవుకు తట్టుకొంటుంది. వెన్నశాతం అధికంగా ఉన్న పాలిస్తుంది. అంతరించే దశకు చేరిన ఈ జాతిని కాపాడే పని పలమనేరులోని పశుపరిశోధనా స్థానం చేపట్టింది.

పల్లెల్లో కృత్రిమ గర్భధారణ సేవలను అందించే గోపాలమిత్రల వ్యవస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పాతికేళ్ళ క్రితం రూపుదిద్దుకుంది. గ్రామీణ యువకులకు స్వల్పకాలిక శిక్షణ ఇచ్చి, రైతు ఇంటి దగ్గరికే సేవ చేరేలా చూడడం దాని ఉద్దేశం. పశువు ఎదకు వచ్చిన సమయాన్ని పసిగట్టడం, వీర్యనాళికను సరైన ఉష్ణోగ్రతలో కరిగించడం, చేతి స్పర్శతోనే గర్భాశయ ముఖాన్ని గుర్తించడం పుస్తకంతో వచ్చే విద్యలు కావు. కేంద్రప్రభుత్వం 2021 నుంచి జాతీయ గోపాలరత్న పురస్కారాల్లో ఉత్తమ కృత్రిమ గర్భధారణ కార్యకర్తకు ఒక విభాగం కేటాయించింది. క్షేత్రస్థాయి నైపుణ్యానికి జాతీయ వేదిక మీద చోటు దక్కడం స్వాగతించదగినది.

కానీ పుంగనూరు ఆవు ఒక ప్రశ్న వేస్తుంది. కార్యకర్త పనిని దేనితో కొలవాలి? చేసిన గర్భధారణల సంఖ్యతో కొలిస్తే, రైతు కోరిన జెర్సీ సంకరానికీ, అంతరించే దేశీయ జాతి పరిరక్షణకూ ఒకే విలువ వస్తుంది. పాల దిగుబడితో కొలిస్తే సంకరజాతికే మొగ్గు. పుంగనూరు ఆవు ఉన్న ఇంటిని వెతికి పట్టుకొని, అదే జాతి వీర్యంతో గర్భధారణ చేయించి, దూడ పుట్టాక వివరాలు నమోదు చేయించిన కార్యకర్త సంఖ్యల పట్టికలో వెనకబడతాడు. జాతి నిలబడడానికి కావలసింది ఆయన పనే. కొలమానాన్ని ఎన్నుకోవడమంటే విధానాన్ని ఎన్నుకోవడమే. గుర్తింపు కొలమానం స్థానిక అవసరాన్ని పట్టించుకోకపోతే, పురస్కారమే విధానానికి ఎదురు నిలుస్తుంది.

5.2 సచివాలయ ఉద్యోగులు:
2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయ వ్యవస్థ మొదలైంది. పదిహేను వేలకు పైగా సచివాలయాలు, లక్షకు మించిన కొత్త ఉద్యోగులతో ఏర్పడిన ఈ వ్యవస్థ దేశంలో క్షేత్రస్థాయి నియామకాల్లో అసాధారణమైనది. డిజిటల్ అసిస్టెంటు, ఇంజనీరింగ్ అసిస్టెంటు, సంక్షేమ-విద్యా సహాయకుడు, సర్వేయరు, పశుసంవర్ధక సహాయకుడు, వ్యవసాయ, ఉద్యాన, పట్టుపరిశ్రమ సహాయకులు, ఏ.ఎన్.ఎం., మహిళా పోలీసు వంటి హోదాల్లో యువతీయువకులు చేరారు. నెలకు 15,000 రూపాయల స్థిరవేతనంతో ప్రొబేషన్ ప్రారంభమైంది. దానిని పూర్తిచేయడానికి శాఖాపరమైన పరీక్షలో ఉత్తీర్ణత షరతు. 2022 జూలై నుంచి అర్హులకు పే స్కేలు అమలులోకి వచ్చింది.

ఈ ఏర్పాటులో శిక్షణకూ, పరీక్షకూ, జీతానికీ ప్రత్యక్ష సంబంధం ఏర్పడింది. నేర్చుకోవడానికి బలమైన కారణం దొరికింది. అయితే శాఖాపరమైన పరీక్ష నియమాల జ్ఞానాన్ని పరీక్షించగలదు. ఒక వృద్ధురాలి వేలిముద్ర యంత్రంలో పడనప్పుడు ఆమెను తిప్పి పంపకుండా మరో మార్గం చూపిన డిజిటల్ అసిస్టెంటు నేర్పును పరీక్షించలేదు. పైగా ఒక సచివాలయంలోని ఉద్యోగులు భిన్న శాఖలకు చెందినవారు. శిక్షణ ఒక శాఖ ఇస్తుంది. రోజువారీ పనులు మరొకరు అప్పగిస్తారు. పనితీరును వేరొకరు అంచనా వేస్తారు. పదోన్నతి మార్గం ఒక్కో హోదాకు ఒక్కో తీరుగా ఉంటుంది. పనిని దగ్గరగా చూసేవారికి గుర్తింపు ఇచ్చే అధికారం లేకపోవడం, అధికారం ఉన్నవారికి పని కనిపించకపోవడం ఈ వ్యవస్థలోని ప్రధానమైన చిక్కు.

6. కుప్పం: కనిపించని నైపుణ్యాలు:

6.1 ఐ-కమ్యూనిటీ ప్రయోగం:
2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి కుప్పంలో 'ఐ-కమ్యూనిటీ' అనే మూడేళ్ళ ప్రయోగాన్ని చేపట్టాయి. గ్రామాల్లో సమాచార కేంద్రాలు ఏర్పాటయ్యాయి. స్వయం సహాయక సంఘాల మహిళలు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో నడిచే ముద్రణయంత్రం వాడడం నేర్చుకొని, ప్రభుత్వ కార్యక్రమాలకు, గుర్తింపు కార్డులకు ఛాయాచిత్రాలు తీసి ఆదాయం పొందారు. 2003లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఈ ప్రయోగం మీద వ్యాసం వచ్చింది.

ఆ మహిళలకు దక్కిన తొలి గుర్తింపు ఇరుగుపొరుగు చెల్లించిన రుసుము. నేర్చుకున్న విద్యకు ఊరు ఇచ్చిన విలువ అది. అయితే ఒక ప్రాజెక్టు కాలపరిమితిలో నేర్చుకున్న నైపుణ్యానికి ప్రాజెక్టు తరువాత కూడా చెల్లే ధ్రువీకరణ ఉండాలి. లేకపోతే సంస్థకు ప్రయోగ ఖ్యాతి మిగులుతుంది. నేర్చుకున్న మనిషి మళ్ళీ మొదటికి వస్తుంది. కాలపరిమితి గల ప్రతి పథకానికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

6.2 మావటీలు:
పలమనేరు, కుప్పం పరిసరాల్లోని కౌండిన్య అభయారణ్యం నుంచి ఏనుగులు పొలాల మీద పడడం ఈ ప్రాంతపు దీర్ఘకాలిక సమస్య. పంటనష్టం, ప్రాణనష్టం రెండూ జరుగుతున్నాయి. 2024 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ప్రభుత్వాలు కుంకీ ఏనుగుల విషయంలో ఒప్పందం చేసుకున్నాయి. మావటీలకు శిక్షణ కూడా ఆ ఒప్పందంలో భాగం. 2025 మేలో కర్ణాటక నాలుగు కుంకీలను అప్పగించింది. పలమనేరు సమీపంలోని ముసలిమడుగులో వాటికి శిబిరం ఏర్పాటైంది.

మావటి విద్య లిఖిత పరీక్షకు అందదు. ఏనుగు చెవుల కదలికలో కోపాన్ని చదవడం, మదపు లక్షణాలను ముందే కనిపెట్టడం, మాటతోనూ కాలివేళ్ళ ఒత్తిడితోనూ ఆజ్ఞ ఇవ్వడం తరతరాలుగా మనిషి నుంచి మనిషికి చేరే జ్ఞానం. విద్యార్హత ఆధారంగా హోదా నిర్ణయించే సర్వీసు నియమాల్లో ఇటువంటి జ్ఞానానికి గడి ఉండదు. కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2022 ప్రపంచ ఏనుగుల దినోత్సవం నాడు 'గజ గౌరవ్' పేరుతో మావటీలను, తమిళనాడులోని ఆనైమలై మలసర్ సముదాయాన్ని సత్కరించింది. అక్షరానికి అందని విద్యను విద్యగానే అంగీకరించడం ఆ పురస్కారంలోని విశేషం.

6.3 భాషానైపుణ్యం:
1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం స్థాపించడానికి ఒక కారణం ఈ ప్రాంతపు భాషాసంగమ స్వభావం. ఇక్కడి ఊళ్ళలో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. ప్రసవానికి వచ్చిన తల్లితో తమిళంలో మాట్లాడి ధైర్యం చెప్పే నర్సు, కన్నడం మాత్రమే తెలిసిన రైతుకు పట్టాదారు పుస్తకంలోని వివరాలు విప్పిచెప్పే రెవెన్యూ ఉద్యోగి తమ పనిలో అదనపు నైపుణ్యాన్ని వినియోగిస్తున్నారు. అది సర్వీసు రిజిస్టరులో నమోదు కాదు. అది లేకపోతే సేవ ఆగిపోతుంది. సరిహద్దు ప్రాంతాల్లో బహుభాషాపరిచయాన్ని శిక్షణాంశంగా, గుర్తింపు అంశంగా చేర్చడం తక్కువ ఖర్చుతో అయ్యే సంస్కరణ.

7. గుర్తింపు – వేతనం: గౌరవవేతన కార్యకర్తల స్థితి:

మూడు ప్రాంతాల్లోనూ ప్రజలకు నిత్యం ఎదురయ్యే సేవకుల్లో ఎక్కువమంది నియమాల ప్రకారం 'ఉద్యోగులు' కారు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలో పనిచేసే అంగన్వాడీ కార్యకర్తలకు లభించేది గౌరవవేతనం. 2006లో అమీర్బీ కేసులో వారు సివిల్ పోస్టుల్లో ఉన్నవారు కారని సుప్రీంకోర్టు నిర్ణయించింది. 2022 ఏప్రిల్ 25న మణిబెన్ కేసులో అదే న్యాయస్థానం, అంగన్వాడీ కార్యకర్తలు, సహాయకులు 1972 నాటి గ్రాట్యుటీ చట్టానికి అర్హులని, వారికిచ్చేది వేతనమేనని తీర్పిచ్చింది. పేరులో 'గౌరవం' ఉన్నంత మాత్రాన అది వేతనం కాకుండా పోదన్నది ఈ తీర్పుతో స్పష్టమైంది.

2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్వాడీ కార్యకర్తలు సమ్మె ప్రారంభించారు. అప్పటికి వారి గౌరవవేతనం నెలకు 11,500 రూపాయలు. 2024 జనవరిలో ప్రభుత్వం అత్యవసర సేవల నిర్వహణ చట్టాన్ని ప్రయోగించింది. సమ్మె 42 రోజులు సాగింది. ఇక్కడి వైరుధ్యం పరిశీలకుల దృష్టిని ఆకర్షించింది. జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద కార్యకర్తగా, పని ఆపినప్పుడు అత్యవసర సేవకురాలిగా ఒకే వ్యక్తి కనిపించింది. అదే 2023లో 'పోషణ్ భీ పఢాయీ భీ' పేరుతో పూర్వప్రాథమిక విద్యలో వీరికి శిక్షణ మొదలైంది. బాధ్యత పోషణ నుంచి విద్యకు పెరిగింది. పెరిగిన సామర్థ్యానికి హోదాలో చోటు కల్పించడం మిగిలిపోయింది.

వలంటీర్ల పురస్కారాల అనుభవం మరొక కోణం. 2021 ఉగాది సందర్భంగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వలంటీర్లకు సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర అనే మూడు అంచెల పురస్కారాలను ప్రారంభించింది. నగదు బహుమతి వరుసగా 10,000, 20,000, 30,000 రూపాయలు. సేవావజ్ర నియోజకవర్గానికి ఐదుగురికి దక్కగా, ఏడాది సేవ పూర్తిచేసి ఫిర్యాదులు లేని అత్యధికులకు సేవామిత్ర దక్కింది. చిన్న ఆదాయం గలవారికి ఆ మొత్తం అక్కరకు వచ్చింది. అయితే దాదాపు అందరికీ దక్కే పురస్కారం బోనసుగా మారుతుంది. 2024 తరువాత ఆ వ్యవస్థే కొనసాగలేదు. వ్యవస్థతోపాటు పురస్కారపు విలువ కూడా పోయింది. ఉద్యోగ భద్రతతో, ధ్రువీకరించిన నైపుణ్యంతో ముడిపడని సత్కారం ఎంత క్షణికమో దీనివల్ల తెలుస్తుంది.

8. సూచనలు:

పై పరిశీలన ఆధారంగా కింది సూచనలు చేయవచ్చు.

8.1 శిక్షణ ముగిసిన రోజున హాజరుపత్రం మాత్రమే ఇచ్చి, ఆరు నెలల తరువాత పనిచేసే చోటే పరిశీలించి నైపుణ్యపత్రం ఇవ్వాలి. ఈ రెండింటినీ వేరువేరుగా చూడాలి.

8.2 ప్రశంసాపత్రంలో 'ఉత్తమ సేవలు' అనే సాధారణ పదబంధానికి బదులు చేసిన పనిని, దాని ఫలితాన్ని రెండు వాక్యాల్లో రాయాలి. అదే వాక్యాలు సర్వీసు రిజిస్టరులోనూ నమోదు కావాలి. ఎంపిక కారణాలను బహిరంగపరిస్తే సిఫారసులకు అవకాశం తగ్గుతుంది.

8.3 ప్రతిభ చూపినవారికి శిక్షకులయ్యే అవకాశాన్ని భత్యంతో సహా కల్పించాలి. రిషివ్యాలీ అనుభవం నేర్పే పాఠం ఇదే.

8.4 కొలమానాలను రాష్ట్రమంతటికీ ఒకే తీరుగా కాక, కొంత భాగాన్ని స్థానిక అవసరాలకు వదలాలి. పుంగనూరులో దేశీయ జాతి పరిరక్షణ, కుప్పంలో బహుభాషానైపుణ్యం, అటవీ సరిహద్దు మండలాల్లో ఏనుగుల విషయంలో అప్రమత్తత అటువంటివి.

8.5 జట్టుకూ, వ్యక్తికీ వేరువేరు గుర్తింపు ఉండాలి. ప్రభుత్వ ఆసుపత్రుల పరిశుభ్రతకు 2015లో ప్రారంభమైన 'కాయకల్ప' పురస్కారం సంస్థకు దక్కుతుంది. పారిశుద్ధ్య కార్మికుల నుంచి వైద్యుల వరకు ఆ గౌరవంలో అందరూ భాగస్వాములే. ఒకరి కృషిని మరొకరి నుంచి విడదీయలేని పనులకు ఈ పద్ధతే న్యాయమైనది.

8.6 గౌరవవేతన, ఒప్పంద, పొరుగుసేవల సిబ్బంది పొందిన శిక్షణను కూడా ధ్రువీకరించి, నియామకాల్లో దానికి విలువ ఇవ్వాలి. అంగన్వాడీ కార్యకర్తల నుంచి పర్యవేక్షకులను ఎంపికచేసే పద్ధతి ఇప్పటికే ఉంది. ఆ ద్వారాన్ని మిగిలిన సేవలకూ తెరవవచ్చు.

వీటి మీద ఒక అభ్యంతరం రావచ్చు. క్షేత్రస్థాయి పరిశీలనకు సమయం, సిబ్బంది కావాలి. పరిశీలకుల పక్షపాతానికీ అవకాశం ఉంది. ఇది నిజమే. అందువల్ల ఒకే అధికారి మాట మీద కాక, తోటి ఉద్యోగి, వేరే మండలానికి చెందిన శిక్షకుడు, సేవ పొందిన పౌరుడు అనే మూడు వైపుల అభిప్రాయాన్నీ సమన్వయించాలి. దేవ్‌దత్ తీర్పు స్ఫూర్తితో ఆ అంచనాను ఉద్యోగికి తెలియజేసి, జవాబు చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి. ఖర్చు విషయానికి వస్తే, పనికిరాని శిక్షణను ఏటా తిరిగి ఇవ్వడానికి అవుతున్న వ్యయంతో దీనిని పోల్చి చూడాలి.

9. ముగింపు:

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల అనుభవాలు గుర్తింపుకు మూడు అంచెలు ఉన్నాయని చూపుతున్నాయి. న్యాయమైన వేతనం మొదటిది. అది లేనిచోట మిగిలినవి నిలబడవు. చేసిన పనిని ఉన్నది ఉన్నట్లు నమోదు చేయడం రెండోది. అది లేనిచోట ప్రతిభ వ్యక్తితోపాటే పదవీ విరమణ చేస్తుంది. నేర్చుకున్నవారికి నేర్పించే, రూపొందించే అధికారం ఇవ్వడం మూడోది. శిక్షణ సంప్రదాయంగా మారి తరువాతి తరానికి చేరేది దానివల్లనే. మన వ్యవస్థ ఈ మూడింటినీ దాటి శాలువా, జ్ఞాపిక, ఛాయాచిత్రం అనే నాలుగో అంచె మీద ఎక్కువ శ్రద్ధ చూపుతోంది.

ఏనుగు మనసెరిగిన మావటి, పొట్టి ఆవు వంశాన్ని నిలిపిన గోపాలమిత్ర, నాలుగు భాషల్లో ధైర్యం చెప్పే నర్సు, కార్డులతో బడిని మార్చిన ఉపాధ్యాయుడు – వీరి నైపుణ్యం ప్రజల ఆస్తి. ఆ ఆస్తిని లెక్కలోకి తీసుకోవడం వారికి చేసే ఉపకారం కాదు, పరిపాలన తన బాధ్యతను నెరవేర్చడం. ఈ దిశలో ఒక్కొక్క శాఖను, ఒక్కొక్క హోదాను తీసుకొని క్షేత్రపర్యటనలతో సమగ్ర పరిశోధనలు జరగవలసిన అవసరం ఉంది.